కర్ణీ సింగ్

మహారాజా డాక్టర్ కర్ణీ సింగ్ (1924 ఏప్రిల్ 21 - 1988 సెప్టెంబరు 6) భారతదేశానికి చెందిన షూటింగ్ క్రీడాకారుడు, పార్లమెంటు సభ్యుడు, బికనీర్ సంస్థానపు రాజవంశానికి అధిపతి. షాట్‌గన్ విభాగంలోని ట్రాప్ పోటీలో ఇతడు 5 ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నాడు. 1962లో కైరోలో జరిగిన ప్రపంచ షూటింగ్ చాంపియన్‌షిప్‌లో రజత పతకం సాధించాడు. 1961లో అర్జున పురస్కారం పొందాడు. 1952 నుండి 1977 వరకు వరుసగా 5 లోక్‌సభలలో స్వతంత్ర సభ్యుడిగా కొనసాగాడు. ఢిల్లీలోని తుగ్లకాబాద్ ప్రాంతంలో ఉన్న షూటింగ్ రేంజికి ఇతని పేరే పెట్టారు. అంతర్జాతీయ షూటింగ్ సీజన్‌లో భాగమైన ప్రపంచ కప్ పోటీలకు ఈ రేంజి పలుమార్లు వేదికగా నిలిచింది.

వంశ నేపథ్యం

బికనీర్ నేటి రాజస్థాన్ రాష్ట్రపు వాయవ్య భాగంలో, థార్ ఎడారిలో ఉన్న నగరం. జోధ్‌పూర్ రాజవంశానికి చెందిన రావ్ బీకా 15వ శతాబ్దంలో ఈ రాజ్యాన్ని స్థాపించాడు. బ్రిటిషు పాలనలో ఇది 17 తుపాకుల గౌరవ వందనం గల సంస్థానంగా ఉండేది. కర్ణీ సింగ్ తాత మహారాజా గంగా సింగ్ అర్ధ శతాబ్దానికి పైగా ఈ సంస్థానాన్ని పాలించాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1919లో కుదిరిన వెర్సాయ్ సంధి పత్రంపై భారతదేశం తరఫున సంతకం చేసినవారిలో ఇతడు ఒకడు. 1927లో ప్రారంభమైన గంగ కాలువ ద్వారా సట్లెజ్ నది నీటిని ఎడారి భూములకు తెచ్చిన పాలకునిగా కూడా గంగా సింగ్ ప్రసిద్ధుడు. ఈ సంస్థానపు ఒంటె దళమైన గంగా రిసాలా మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్ కాలువ రక్షణలో పాల్గొంది.

తుపాకి పేల్చడం రాజస్థాన్ రాజకుటుంబాలలో పిల్లలకు చిన్ననాటి నుండే నేర్పే విద్య. బికనీర్‌కు సమీపంలోని గజ్‌నేర్ సరస్సు వద్దకు శీతాకాలంలో వచ్చే ఇసుక కౌజులను వేటాడడానికి బ్రిటిషు వైస్రాయిలు, ఇతర సంస్థానాధీశులు అతిథులుగా వస్తుండేవారు. వేగంగా ఎగిరే పక్షిని షాట్‌గన్‌తో కొట్టడం ఆ వేటలోని ప్రధాన నైపుణ్యం. కర్ణీ సింగ్ తరువాతి కాలంలో రాణించిన క్రీడకు మూలాలు ఈ వాతావరణంలోనే ఉన్నాయి.

బాల్యము, విద్యాభ్యాసము

కర్ణీ సింగ్ 1924 ఏప్రిల్ 21న బికనీర్‌లో జన్మించాడు. తండ్రి సాదుల్ సింగ్ అప్పటికి యువరాజు. బికనీర్ రాజవంశపు ఆరాధ్య దేవత, దేష్నోక్‌లో కొలువైన కర్ణీ మాత పేరునే ఇతనికి పెట్టారు. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలోను, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోను చదివి, చరిత్ర, రాజకీయ శాస్త్రాలు ప్రధానాంశాలుగా బి.ఏ. ఆనర్స్ పట్టా పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, తాతతో కలసి మధ్యప్రాచ్య యుద్ధరంగానికి వెళ్ళాడు. 1944లో డుంగర్‌పూర్ రాజకుమారి సుశీలా కుమారిని వివాహం చేసుకున్నాడు.

చదువుపై ఆసక్తి ఇతనిని సింహాసనం వద్ద ఆపలేదు. బికనీర్ రాజవంశానికి, ఢిల్లీని ఏలిన కేంద్ర ప్రభుత్వాలకు మధ్య 1465 నుండి 1949 వరకు నడచిన సంబంధాలపై పరిశోధన చేసి, 1964లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పట్టా పొందాడు. ఈ సిద్ధాంత గ్రంథం తరువాత పుస్తకంగా వెలువడింది. ఇతని పేరుకు ముందు మహారాజా అనే బిరుదుతో పాటు డాక్టర్ అనే పదం చేరడానికి కారణం ఇదే.

సంస్థాన విలీనం, బిరుదు

గంగా సింగ్ 1943 ఫిబ్రవరిలో మరణించగా సాదుల్ సింగ్ మహారాజు అయ్యాడు. 1947లో బ్రిటిషువారు దేశాన్ని విడిచి వెళ్ళే సమయానికి సంస్థానాలు ఏ మార్గం పట్టాలన్నది పెద్ద ప్రశ్నగా ఉండేది. అటువంటి సమయంలో రాజ్యాంగ పరిషత్తుకు తమ ప్రతినిధులను పంపడానికి ముందుకు వచ్చిన తొలి సంస్థానాలలో బికనీర్ ఒకటి. అప్పటి బికనీర్ దివాను, చరిత్రకారుడు కె.ఎం. పణిక్కర్ ఆ సంస్థానం తరఫున పరిషత్తులో కూర్చున్నాడు. 1949 మార్చి 30న బికనీర్, జైపూర్, జోధ్‌పూర్, జైసల్మేర్ సంస్థానాలు కలసి విశాల రాజస్థాన్‌లో విలీనమయ్యాయి.

సాదుల్ సింగ్ 1950 సెప్టెంబరులో మరణించాడు. 26 ఏళ్ళ వయసులో కర్ణీ సింగ్ మహారాజు బిరుదును స్వీకరించాడు. అప్పటికే రాజ్యం లేదు, పన్నులు వసూలు చేసే అధికారం లేదు, సైన్యం లేదు. మిగిలినవి బిరుదు, కోటలు, భవనాలు, విలీన ఒప్పందం ప్రకారం ప్రభుత్వం చెల్లించే రాజభరణం. తాత, తండ్రి చేసిన పాలన ఇతనికి దక్కలేదు. తరువాతి జీవితంలో ఇతడు పొందిన స్థానాలు రెండే: ఒకటి ఓటర్లు ఇచ్చినది, రెండవది షూటింగ్ రేంజిలో సంపాదించుకున్నది.

రాజకీయ జీవితం

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో కర్ణీ సింగ్ బికనీర్-చురూ నియోజకవర్గం నుండి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ తరువాత 1957, 1962, 1967, 1971 ఎన్నికలలో బికనీర్ నుండి గెలిచాడు. ఏ రాజకీయ పార్టీలోను చేరకుండా 25 సంవత్సరాల పాటు లోక్‌సభలో కొనసాగడం అరుదైన విషయం. రాజస్థానీ భాషకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు కల్పించాలన్న కోరికను బలపరచినవారిలో ఇతడు ఒకడు.

ఇతని పదవీకాలంలోనే మాజీ రాజుల బిరుదులు, రాజభరణాలు రద్దయ్యాయి. ఇందుకోసం 1970 సెప్టెంబరులో ప్రవేశపెట్టిన రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గినా, రాజ్యసభలో అవసరమైన మూడింట రెండు వంతుల ఆధిక్యం స్వల్ప తేడాతో దక్కక వీగిపోయింది. వెంటనే రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా రాజుల గుర్తింపును తొలగించారు. ఆ ఉత్తర్వు చెల్లదని అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 1971 సార్వత్రిక ఎన్నికల తరువాత, ఆ సంవత్సరం డిసెంబరులో, 26వ రాజ్యాంగ సవరణ ద్వారా బిరుదులు, భరణాలు పూర్తిగా రద్దయ్యాయి. దీనితో కర్ణీ సింగ్ చట్టం దృష్టిలో సామాన్య పౌరుడయ్యాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాల్గొనే నాటికి ప్రభుత్వ గుర్తింపు గల మహారాజు బిరుదు ఇతనికి లేదు. పోటీ నియమాలలో మాత్రం దీని వలన ఏ మార్పూ రాలేదు. అక్కడ ఇతడు మొదటి నుండి ఒక పోటీదారు మాత్రమే.

ట్రాప్ క్రీడ

కర్ణీ సింగ్ క్రీడా జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ట్రాప్ పోటీ స్వభావం తెలియాలి. షూటింగ్ క్రీడలో మూడు ప్రధాన విభాగాలున్నాయి. రైఫిల్, పిస్టల్ విభాగాలలో లక్ష్యం కదలదు, పోటీదారు కూడా వీలైనంత నిశ్చలంగా ఉంటాడు. షాట్‌గన్ విభాగంలో లక్ష్యం గాలిలో ఎగురుతుంది. ఒకప్పుడు ఈ పోటీలలో బతికి ఉన్న పావురాలను వదలి కాల్చేవారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా అటువంటి పోటీ ఒకటి జరిగింది. 1880 ప్రాంతంలో అమెరికాకు చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ మట్టితో చేసిన బిళ్ళను రూపొందించాక పావురాల స్థానాన్ని అది ఆక్రమించింది. నేటికీ ఆ బిళ్ళను మట్టి పావురం అనే అర్థంలో క్లే పిజియన్ అంటారు.

ఈ బిళ్ళ వ్యాసం సుమారు 11 సెంటీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. పోటీదారుకు 15 మీటర్ల ముందు ఒక కందకం ఉంటుంది. అందులో బిళ్ళలను విసరే యంత్రాలు 15 ఉంటాయి. పోటీదారు కేక వేయగానే వాటిలో ఒకటి బిళ్ళను విసరుతుంది. అది ఎడమకు పోతుందో, కుడికి పోతుందో, నేరుగా పోతుందో, ఎత్తుగా పోతుందో ముందుగా తెలియదు. బిళ్ళ అడ్డు లేకుండా వెళితే సుమారు 76 మీటర్ల దూరంలో పడుతుంది. అది అందుబాటులో ఉన్న క్షణకాలంలోనే 12 బోరు తుపాకితో గురి చూసి కాల్చాలి. సాధారణ రౌండులో ఒక్కొక్క బిళ్ళకు రెండు తూటాల వరకు వాడవచ్చు. మొదటి తూటాకు పగిలినా, రెండవ తూటాకు పగిలినా ఒకే పాయింటు. తూటాలోని చిన్న సీసపు గుళ్ళు గాలిలో విస్తరిస్తాయి. బిళ్ళ నుండి కంటికి కనబడే ముక్క ఒక్కటి రాలినా చాలు, రాలకపోతే సున్న.

ఒక రౌండులో 25 బిళ్ళలుంటాయి. పోటీదారులు 5 స్థానాలలో వరుసగా నిలబడి, ఒక్కొక్క బిళ్ళ కాల్చిన తరువాత పక్క స్థానానికి జరుగుతారు. కర్ణీ సింగ్ కాలపు ఒలింపిక్స్‌లో మొత్తం 200 బిళ్ళలపై ఫలితం తేలేది. ఆ రోజులలో విజేతల పాయింట్లు చూస్తే పోటీ తీవ్రత అర్థమవుతుంది. 1960లో రుమేనియాకు చెందిన అయాన్ డుమిట్రెస్కు 192 పాయింట్లతో స్వర్ణం పొందాడు. 1964లో ఇటలీ క్రీడాకారుడు ఎన్నియో మత్తరెల్లి, 1968లో బ్రిటన్‌కు చెందిన బాబ్ బ్రెయిత్‌వైట్ 198 చొప్పున సాధించారు. 1972లో ఇటలీకే చెందిన ఆంజెలో స్కాల్‌జోనె 199 పాయింట్లు సాధించాడు. అంటే 200 బిళ్ళలలో రెండు మూడు తప్పినా స్వర్ణం చేజారే పరిస్థితి ఉండేది.

క్రీడా జీవితం

స్వతంత్ర భారతదేశంలో షూటింగ్‌ను క్రీడగా వ్యవస్థీకరించే ప్రయత్నం 1951లో భారత జాతీయ రైఫిల్ సంఘం స్థాపనతో మొదలైంది. తొలి లోక్‌సభ స్పీకరు జి.వి. మావలంకర్ ఈ సంఘానికి మొదటి అధ్యక్షుడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత షూటర్లు పాల్గొన్నారు. ట్రాప్ పోటీ కూడా దీర్ఘ విరామం తరువాత ఆ ఒలింపిక్స్‌తోనే తిరిగి ప్రవేశించింది. అయితే భారతదేశంలో ఈ క్రీడకు కావలసిన కందకాలు, యంత్రాలు, శిక్షకులు లేరు. తుపాకులు, తూటాలు విదేశాల నుండి రావలసి ఉండేది. సాధనకు వేల తూటాలు ఖర్చవుతాయి కనుక సొంత ధనం ఉన్నవారికే అది అందుబాటులో ఉండేది. భారత ట్రాప్ తొలి తరం క్రీడాకారులలో మాజీ రాజకుటుంబాలవారు ఎక్కువగా కనిపించడానికి ఇదే ప్రధాన కారణం. కర్ణీ సింగ్‌కు ఉన్న సంపద ఇతనికి ఈ క్రీడలో ప్రవేశం కల్పించింది. ఆ తరువాతి ఫలితాలను మాత్రం సంపదతో కొనడం సాధ్యం కాదు.

ట్రాప్, స్కీట్ పోటీలలో కలిపి ఇతడు 17 సార్లు జాతీయ చాంపియన్‌గా నిలిచాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌తో ఇతని ఒలింపిక్ జీవితం ప్రారంభమైంది. తొలి ప్రయత్నంలోనే 8వ స్థానం పొందాడు. ఒలింపిక్స్‌లో ఇతని అత్యుత్తమ స్థానం ఇదే. మరుసటి సంవత్సరం, 1961లో, భారత ప్రభుత్వం అర్జున పురస్కారాలను ప్రారంభించినపుడు షూటింగ్ విభాగంలో ఆ గౌరవం ఇతనికి దక్కింది.

కైరో 1962

1962లో ఈజిప్టు రాజధాని కైరోలో 38వ ప్రపంచ షూటింగ్ చాంపియన్‌షిప్ జరిగింది. రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ విభాగాలన్నీ ఒకే చోట జరిగే ఈ పోటీ సాధారణంగా నాలుగేళ్ళకు ఒకసారి వస్తుంది. కర్ణీ సింగ్ ట్రాప్ పోటీ ముగిసేసరికి మొదటి స్థానంలో సమాన పాయింట్లతో నిలిచాడు. విజేతను తేల్చే అదనపు పోటీలో వెనుకబడి రజత పతకం పొందాడు. ప్రపంచ షూటింగ్ చాంపియన్‌షిప్‌లో భారతదేశానికి లభించిన తొలి పతకంగా దీనిని పేర్కొంటారు.

ఈ పతకం ప్రాముఖ్యాన్ని ఆనాటి పరిస్థితుల నేపథ్యంలో చూడాలి. ట్రాప్‌లో అగ్రశ్రేణి క్రీడాకారులు ప్రధానంగా ఇటలీ, సోవియట్ యూనియన్, రుమేనియా, అమెరికా వంటి దేశాల నుండి వచ్చేవారు. ఆ దేశాలలో ఏడాది పొడవునా పోటీలుండేవి. నేడు తెలిసిన ప్రపంచ కప్ సీజన్ అప్పటికి లేదు, అది 1986లో మాత్రమే ప్రారంభమైంది. అంటే భారతదేశంలోని క్రీడాకారునికి అగ్రశ్రేణి ప్రత్యర్థులతో తలపడే అవకాశం ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్, ఆసియా పోటీలు, సొంత ఖర్చుతో వెళ్ళే ఐరోపా పోటీలు తప్ప మరొకటి లేదు. లోక్‌సభ సభ్యత్వం, వంశపు ఆస్తుల నిర్వహణ, పరిశోధన మధ్య ఇతడు సాధన సాగించాడు. 1962లోనే మూడవ సార్వత్రిక ఎన్నికలు కూడా జరగడం గమనార్హం.

తరువాతి ఒలింపిక్స్

1964 టోక్యో ఒలింపిక్స్‌లో కర్ణీ సింగ్ 26వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. కైరో తరువాత ఇతనిపై ఉన్న ఆశలకు ఇది నిరాశ కలిగించిన ఫలితం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 10వ స్థానానికి చేరుకున్నాడు. మెక్సికో నగరం సముద్ర మట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. మెక్సికోలో పంజాబ్‌కు చెందిన రణధీర్ సింగ్ కూడా పాల్గొన్నాడు. తరువాతి కాలంలో, 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో ట్రాప్ స్వర్ణం గెలిచినది ఈయనే.

1971లో సియోల్‌లో జరిగిన ఆసియా షూటింగ్ చాంపియన్‌షిప్‌లో కర్ణీ సింగ్ స్వర్ణ పతకం సాధించాడు. 1974లో టెహ్రాన్‌లో జరిగిన ఆసియా క్రీడలలో 50 ఏళ్ళ వయసులో రజత పతకం గెలుచుకున్నాడు. ఈ మధ్యకాలంలో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడలేదు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 56 ఏళ్ళ వయసులో ఐదవసారి బరిలో నిలిచాడు. 5 ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారత క్రీడాకారునిగా గుర్తింపు పొందాడు. రోమ్ నుండి మాస్కో వరకు సాగిన ఈ 20 సంవత్సరాల అనుభవాలను ఫ్రమ్ రోమ్ టు మాస్కో అనే పేరుతో 1982లో గ్రంథస్థం చేశాడు. మాస్కో తరువాత కూడా పోటీలు మానలేదు. 1980 దశకంలో బ్రిటన్‌లోని కొన్ని పోటీలలో విజయాలు సాధించాడు.

ఐదు ఒలింపిక్స్‌లోను ఇతనికి పతకం రాలేదు. అందువలన పతకాల పట్టికలను మాత్రమే చూసేవారికి ఇతని పేరు కనబడదు. షూటింగ్‌లో భారతదేశానికి తొలి ఒలింపిక్ పతకం 2004 వరకు రాలేదు. ఆ సంవత్సరం ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్ పోటీలో రజతం సాధించాడు. అది కూడా షాట్‌గన్ విభాగంలోనే కావడం, రాథోడ్ కూడా రాజస్థాన్‌కు చెందినవాడే కావడం విశేషం.

కుటుంబం

కర్ణీ సింగ్, సుశీలా కుమారి దంపతులకు ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. కుమార్తె రాజ్యశ్రీ కుమారి తండ్రి మార్గంలో షూటింగ్‌లో ప్రవేశించి, చిన్న వయసులోనే జాతీయ స్థాయిలో పేరు తెచ్చుకుంది. 1968లో ఆమెకు అర్జున పురస్కారం లభించింది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే క్రీడలో ఈ పురస్కారం పొందడం అరుదు. షూటింగ్‌లో బాలికలు కనబడడమే తక్కువైన కాలంలో ఆమె బరిలో దిగింది. కర్ణీ సింగ్ తరువాత కుమారుడు నరేంద్ర సింగ్ వంశానికి అధిపతి అయ్యాడు. ఇతడు 2003లో మరణించాడు. నరేంద్ర సింగ్ కుమార్తె సిద్ధి కుమారి 2008లో బికనీర్ తూర్పు నియోజకవర్గం నుండి రాజస్థాన్ శాసనసభకు ఎన్నికైంది.

బికనీర్‌లోని జూనాగఢ్ కోట నిర్వహణకు 1961లో మహారాజా రాయ్ సింగ్‌జీ ట్రస్టు ఏర్పడింది. నేడు ఈ కోట సందర్శకులకు తెరచి ఉంది. గంగా సింగ్ కాలంలో ఎర్ర ఇసుక రాతితో నిర్మించిన లాల్‌గఢ్ భవనంలో కొంత భాగం హోటలుగా, కొంత భాగం ప్రదర్శనశాలగా మారింది.

మరణం

1977లో కర్ణీ సింగ్ పార్లమెంటరీ రాజకీయాల నుండి వైదొలగాడు. ఆ తరువాతి కాలాన్ని షూటింగ్‌కు, రచనకు, వంశపు ట్రస్టుల పనులకు వినియోగించాడు. 1988 సెప్టెంబరు 6న, 64 ఏళ్ళ వయసులో మరణించాడు.

కర్ణీ సింగ్ షూటింగ్ రేంజి

1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల కోసం నగరపు దక్షిణ భాగంలోని తుగ్లకాబాద్ వద్ద ఒక షూటింగ్ రేంజిని నిర్మించారు. రైఫిల్, పిస్టల్ పోటీలకు కావలసిన మందిరాలతో పాటు ట్రాప్ కందకాలు కూడా ఇందులో ఉన్నాయి. ఇదే తరువాత డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజిగా ప్రసిద్ధమైంది. కర్ణీ సింగ్ క్రీడా జీవితం మొదలుపెట్టిన కాలంలో దేశంలో లేని సౌకర్యం ఇదే. ఇతని బిరుదును రద్దు చేసిన ప్రభుత్వ వ్యవస్థే ఇతని పేరును ఒక ప్రజా క్రీడాస్థలానికి పెట్టింది. రేంజి పేరులో డాక్టర్ అనే పదం ఉంది, మహారాజా అనే పదం లేదు.

2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఈ రేంజిని పునర్నిర్మించారు. ఆ క్రీడలలో హైదరాబాదులో పెరిగిన రైఫిల్ షూటర్ గగన్ నారంగ్ ఇక్కడ 4 స్వర్ణ పతకాలు గెలిచాడు. రెండేళ్ళ తరువాత, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఇతడు కాంస్య పతకం సాధించాడు.

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య ప్రతి సంవత్సరం వివిధ దేశాలలో ప్రపంచ కప్ పోటీలు నిర్వహిస్తుంది. ఏడాది పొడవునా జరిగే ఈ దశలను, వాటి చివర జరిగే ఫైనల్‌ను కలిపి ఒక సీజన్‌గా లెక్కిస్తారు. కర్ణీ సింగ్ రేంజిలో 2017, 2019 సంవత్సరాలలో ప్రపంచ కప్ దశలు జరిగాయి. 2017 అక్టోబరులో సీజన్ ముగింపు ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. 2021 మార్చిలో కోవిడ్ మహమ్మారి మధ్య రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడు విభాగాల ప్రపంచ కప్ ఇక్కడ ఒకేసారి జరిగింది. 2024 అక్టోబరులో మరొకసారి సీజన్ ఫైనల్‌కు ఈ రేంజి ఆతిథ్యమిచ్చింది. ఒకప్పుడు పోటీల కోసం భారత షూటర్లు ఐరోపాకు వెళ్ళవలసి వస్తే, ఈ సందర్భాలలో ప్రపంచమే ఢిల్లీకి వచ్చింది.

ప్రాముఖ్యత

కైరో రజతానికి, ఆ పైమెట్టుకు మధ్య భారతదేశానికి 44 సంవత్సరాలు పట్టింది. 2006లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోను, మానవ్‌జీత్ సింగ్ సంధూ ట్రాప్‌లోను స్వర్ణాలు గెలిచారు. 1962లో కర్ణీ సింగ్‌కు అదనపు పోటీలో చేజారిన స్థానం మానవ్‌జీత్‌కు దక్కింది. రెండేళ్ళ తరువాత బీజింగ్‌లో బింద్రా వ్యక్తిగత విభాగంలో భారతదేశపు తొలి ఒలింపిక్ స్వర్ణ విజేత అయ్యాడు.

ఈ విజయాలకు కర్ణీ సింగ్ ఒక్కడే కారణమని చెప్పడం సరికాదు. 1990ల తరువాత వచ్చిన విదేశీ శిక్షకులు, ప్రభుత్వ సహాయం, సైన్యంలోని శిక్షణా కేంద్రాలు, ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ పోటీలకు తక్కువ ఖర్చు కావడం ఇందుకు దోహదం చేశాయి. సామాన్య కుటుంబాల పిల్లలు ఈ క్రీడలోకి రాగలిగింది ఆ మార్పుల వలననే. అయితే భారతీయుడు ప్రపంచ స్థాయి షూటింగ్‌లో అగ్రస్థానం కోసం పోటీ పడగలడని మొదట నిరూపించినవాడు కర్ణీ సింగ్. అంతకు మించి, రాజుల వినోదంగా ఉన్న తుపాకి విద్యను నియమాలు, పాయింట్లు గల క్రీడగా స్వీకరించి, 36 ఏళ్ళ వయసులో మొదలుపెట్టి 56 ఏళ్ళ వరకు ఒలింపిక్ బరిలో నిలిచాడు. వేటలో రాజు గురి తప్పితే లెక్క అడిగేవారుండరు. ట్రాప్ పోటీలో తప్పిన ప్రతి బిళ్ళా అందరి ముందు సున్నగా నమోదవుతుంది. ఆ లెక్కకు ఇతడు 20 సంవత్సరాల పాటు 5 ఒలింపిక్స్‌లో తన పేరును అప్పగించాడు.

ముఖ్య ఘట్టాలు

1924 - బికనీర్‌లో జననం
1950 - తండ్రి మరణానంతరం మహారాజు బిరుదు స్వీకారం
1952 - తొలి లోక్‌సభకు ఎన్నిక
1960 - రోమ్ ఒలింపిక్స్‌లో 8వ స్థానం
1961 - అర్జున పురస్కారం
1962 - కైరో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజత పతకం
1964 - బొంబాయి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్, టోక్యో ఒలింపిక్స్
1968 - మెక్సికో ఒలింపిక్స్‌లో 10వ స్థానం
1971 - సియోల్ ఆసియా చాంపియన్‌షిప్‌లో స్వర్ణ పతకం, బిరుదుల రద్దు
1972 - మ్యూనిక్ ఒలింపిక్స్
1974 - టెహ్రాన్ ఆసియా క్రీడలలో రజత పతకం
1977 - లోక్‌సభ సభ్యత్వం ముగింపు
1980 - మాస్కో ఒలింపిక్స్, ఐదవ పర్యాయం
1982 - ఒలింపిక్ అనుభవాల గ్రంథ ప్రచురణ
1988 - మరణం